సొంత వాకిట కారు నిలిపినందుకు రుసుము



మన గ్రామములలో కొడుకునో కూతురునో ఇంగ్లండునకు పంపిన పెద్దలు నేడు పెక్కుమంది కలరు. పిల్లలు అచ్చట ఇల్లు కొనిరని వినినప్పుడు సంతోషించెదము. ఆ ఇంటి వాకిట తమ కారును తాము నిలుపుకొన్నందుకు నూరు పౌనులు చెల్లింపుమని వారికి ఉత్తరము వచ్చినదని వినినచో ఏమందుము? "ఏదో తప్పు చేసియుందురు, మారుమాటాడక కట్టివేయుడు" అందుమా? "ఎవరో వ్రాసిన కాగితము, చించి పారవేయుడు" అందుమా? ఈ రెండును మేలైన సలహాలు కావు. ఎందువలన కావో, మూడవ మార్గమేదో నేటి ప్రసంగమున మనవి చేసెదను.

నేనును నా భార్యయు రెండేండ్ల క్రిందట మా అబ్బాయి ఇంటికి వెళ్లితిమి. లండనునకు చేరువనున్న ఒక పట్టణములో, నాలుగంతస్తుల మేడలో, అతనిది ఒక ఫ్లాటు. విమానాశ్రయమునుండి మమ్ము కారులో తెచ్చి అతడు మేడ గుమ్మము ఎదుట ఆపెను. కార్లు ఉంచు స్థలము మేడ వెనుక కొంత దూరమున నున్నది. నా భార్యకు మోకాళ్ల నొప్పి; చేతికర్ర లేనిదే అడుగు వేయలేదు. పెట్టెలు దింపి, ఆవకాయ డబ్బాలు దింపి, ఆమెను మెల్లగా మెట్లెక్కించి, మరల దిగివచ్చి కారును వెనుకకు తీసికొనిపోవుటకు పండ్రెండు నిమిషములు పట్టినది.

పదవనాడు ఉత్తరము వచ్చినది. అందు కారు ఛాయాచిత్రము, దాని సంఖ్య, ఆగిన వేళ, కదలిన వేళ అన్నియు ఉన్నవి. అనుమతిపత్రము లేక కారు నిలిపినందుకు 100 పౌనులు చెల్లింపవలయుననియు, 14 దినములలో చెల్లించినచో 60 పౌనులు చాలుననియు ఒక ప్రైవేటు కంపెనీ వ్రాసినది. "అరువది పౌనులతో పోవును నాన్నగారూ, ఈ తగవు మనకెందుకు?" అని మా అబ్బాయి అనెను. "ప్రక్క ఫ్లాటువారు ఇట్టి ఉత్తరములను చెత్తబుట్టలో వేయుదురట మామయ్యగారూ" అని కోడలు చెప్పినది. ఒకరిది భయము, ఒకరిది ఉపేక్ష. నా భార్య మాత్రము, "నా కాళ్లవలన వచ్చిన ఖర్చు" అని ఆ రాత్రి సరిగా అన్నము తినలేదు. పౌనులకంటె ఆ మాటయే నన్ను ఎక్కువ బాధించినది. ముప్పదియైదేండ్లు బడిలో పిల్లల తగవులు తీర్చిన నాకు, కాగితము చదువక తీర్పు చెప్పు అలవాటు లేదు. "ఇంటి దస్తావేజు ఏదీ, నాయనా?" అని అడిగితిని.

దస్తావేజు విప్పుటకు ముందు, వచ్చిన ఉత్తరమెట్టిదో తెలిసికొనవలయును. ఆ దేశమున ఇట్టి ఉత్తరములు రెండు తెగలు. మొదటిది ప్రభుత్వ సంబంధమైనది. బజారులో నిలుపరాని చోట కారు నిలిపినచో అచ్చటి పురపాలక సంఘమువారు చట్టము తమకిచ్చిన అధికారముతో జరిమానా వేయుదురు. రెండవది ప్రైవేటు కంపెనీలది. ఇది జరిమానా కాదు. "మా బలక మీద వ్రాసిన షరతులను చదివి, వాటికి ఒప్పుకొని, మీరు కారు నిలిపితిరి, ఆ ఒప్పందము ప్రకారము మాకు ఇంత బాకీపడితిరి" అని ఆ కంపెనీ చేయు వాదము మాత్రమే. ఈ రెండింటికిని ఇంగ్లీషులో పి.సి.ఎన్. అనునవే పొడి అక్షరములు. ఆ అక్షరములను చూచి, ప్రభుత్వము శిక్ష వేసినదని భ్రమపడి అనేకులు డబ్బు కట్టుచుందురు. కావున ఉత్తరము పంపినవారు పురపాలకులా, కంపెనీవారా అని మొట్టమొదట చూడవలయును. నేను చెప్పబోవునది కంపెనీల ఉత్తరములను గురించియే.

కంపెనీలవారి పక్షమున కూడ ఒక న్యాయము కలదు. దానిని దాచుట ధర్మము కాదు. రైలుస్టేషనుకు పోవువారు, అంగళ్లకు వచ్చువారు తమ కార్లను పరుల ఇండ్ల ముంగిళ్లలో వదలి పోవుచుండగా, ఆ ఇండ్లవారికి చోటు లేకపోయినది. అందుచే మేడల నిర్వాహకులు కంపెనీలను పిలిచి కాపలా అప్పగించిరి. పూర్వము ఈ కంపెనీలు కారు చక్రమునకు ఇనుప బిగింపు వేసి, డబ్బు ఇచ్చినదాక కదలనిచ్చెడివి కావు. ఇంగ్లండులోను వేల్సులోను 2012వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీనుండి ప్రైవేటు స్థలములలో అట్లు చేయుట నేరమైనది. దానికి బదులుగా ఆ చట్టమే వారికి మరియొక దారి చూపినది. కారు నడిపినవారెవరో తెలియనప్పుడు, ఎవరి పేర కారు నమోదై యున్నదో వారినే కొన్ని షరతులకు లోబడి బాకీ అడుగవచ్చును. ఆ షరతులలో ముఖ్యమైనది కాలనియమము. కారు మీద నోటీసు ఏదియు అంటింపక, ఛాయాచిత్రముమీదనే ఆధారపడినప్పుడు, నమోదైనవారికి 14 దినములలోపల ఉత్తరము చేరవలయును. చేరనిచో నమోదైనవారిని బాధ్యులను చేయు అధికారము పోవును. కావున ఉత్తరము రాగానే దానిమీది తేదీని, చేరిన తేదీని వ్రాసి ఉంచుకొనుడు. కారు నడిపినది ఎవరో కంపెనీకి చెప్పితీరవలయునను నిర్బంధము చట్టమున లేదు. అసత్యము చెప్పుడని నేను అనుట లేదు. తన హక్కేదో తెలియకముందు తొందరపడి వ్రాయవలదని మాత్రమే అనుచున్నాను.

ఇక బలక మాట. బలకమీది షరతు నిజముగా ఒప్పందము కాగలదా? కాగలదు. చెమ్స్‌ఫర్డు పట్టణమున ఒక అంగళ్ల ఆవరణలో రెండు గంటలవరకు కారు ఉచితముగా ఉంచవచ్చునని బలక కలదు. ఒకరు అంతకుమించి 56 నిమిషములు ఉంచగా 85 పౌనులు అడిగిరి. ఆ వ్యాజ్యము ఆ దేశపు సుప్రీంకోర్టు దాక పోయినది. 2015లో కోర్టువారు కంపెనీ పక్షముననే తీర్పు చెప్పిరి. అంగళ్లకు వచ్చువారందరికిని చోటు దొరకవలయునన్నచో ఇట్టి కట్టడి అవసరమనియు, ఆ మొత్తము మితిమీరినది కాదనియు వారి అభిప్రాయము. ఈ తీర్పు వచ్చినది మొదలు కంపెనీలు ప్రతి ఉత్తరమునందును దీనినే చూపుచుండును. చదివినవారు ఇక చేయునదేమియు లేదని నిరాశ చెందుదురు.

అయితే ఒక భేదమును గమనింపుడు. అంగడికి వచ్చినవానికి ఆ స్థలముపై అంతకుముందు ఏ హక్కును లేదు. బలక అతనికి రెండు గంటల చోటు ఇచ్చినది. దానికి బదులు షరతు పెట్టినది. ఇచ్చిపుచ్చుకొనుట జరిగినది గనుక ఒప్పందమైనది. తన ఇంటికి తాను వచ్చినవాని సంగతి అట్టిది కాదు. అతనికి ఆ వాకిట రాకపోకల హక్కు దస్తావేజువలననే ముందుగా సంక్రమించి యున్నచో, బలక క్రొత్తగా ఇచ్చినదేమి? ఏమియు ఇవ్వనిదే ఒప్పందమెక్కడిది?

మన ఊరి మాటలో చెప్పెదను. ఒక ఆసామి తన దొడ్డిలో సగము మీకు అమ్మెను. మీ భాగమునకు పోవుటకు తన భాగముమీదుగా బండిబాట ఇచ్చినట్లు క్రయదస్తావేజులో వ్రాసెను. ఐదేండ్లు గడచిన పిమ్మట అతడు ఆ బాట మొగదల ఒక మనిషిని కూర్చుండబెట్టి, బండికి ఇంత సుంకమని బలక కట్టించెను. మీరు సుంకము చెల్లింతురా? "అయ్యా, బాట నాకు క్రయములోనే వచ్చినది, నీవు తరువాత వ్రాసిన బలక నా దస్తావేజును చెరుపజాలదు" అందురు. మన ధర్మశాస్త్రమును ఈ మాటయే చెప్పినది. తాకట్టు, దానము, క్రయము అను మూడింటియందును ముందు జరిగిన క్రియయే బలవత్తరమని యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున కలదు. ఇంగ్లండు న్యాయస్థానములు మన స్మృతులను చూచి తీర్పు చెప్పునవి కావు. ఐనను న్యాయము దారి అనేక దేశములలో ఒక్కతీరుననే ఉండుట చూచి నేను ఆశ్చర్యపడితిని.

ఆ దేశమున ఫ్లాటును కొనుట అనగా సాధారణముగా 99 ఏండ్లకో, 125 ఏండ్లకో, అంతకు మించిన కాలమునకో లీజు పుచ్చుకొనుట. ఆ లీజు పత్రమే మన క్రయదస్తావేజు వంటిది. పత్రము పోయినచో వారి భూమి రిజిస్ట్రీ కార్యాలయమునకు రుసుము చెల్లించి నకలు తెప్పించుకొనవచ్చును. అద్దెకున్నవారు తమ అద్దె ఒప్పందమును చదువుటయే కాక, ఇంటి యజమాని లీజును కూడ చూపుమని అడుగవలయును. యజమానికి ఏ హక్కు కలదో దానిలో నుండియే కదా అద్దెదారునకు వచ్చునది.

ఆ పత్రమున చూడవలసినవి నాలుగు. కారు నిలుపుకొను స్థలము పత్రములోనే, పటములోనే చేర్చి ఇచ్చిరా? ముంగిలిమీద నడకతోను బండితోను రాకపోకల హక్కు ఇచ్చిరా? అనుమతిపత్రము చూపవలయుననిగాని, మూడవవారికి రుసుము కట్టవలయుననిగాని ఎచ్చటనైన ఉన్నదా? మేడ నిర్వహణకై యజమాని కాలానుగుణముగ నిబంధనలు చేయవచ్చునను మాట కలదా? మొదటి రెండు మన పక్షపు బలము. చివరిది కంపెనీ పట్టుకొను కొమ్మ. అది ఉన్నచో, ఆ నిబంధన లీజులో చెప్పిన పద్ధతినే చేసిరా, అది రుసుము వేయుటకు కూడ చాలునా అని ప్రశ్నింపవలయును. లీజు షరతులనే మార్చదలచినచో ఒక బలక నాటుట చాలదు. 1987వ సంవత్సరపు చట్టము ప్రకారము, ఎనిమిదికి మించిన లీజులు గల చోట, నూటికి 75 మందికి తక్కువ కాకుండ సమ్మతించి, నూటికి పదిమందికి మించి ఎదిరింపకున్నప్పుడే, లీజులను ఒక్కుమ్మడిగా మార్చుమని ట్రైబ్యునలును కోరవచ్చును.

మా అబ్బాయి లీజు తీసి చదివితిమి. ఇంటికి వచ్చిపోవుటకై ముంగిలిమీద ఎల్లవేళల నడకతోను వాహనములతోను సంచరించు హక్కు అందు స్పష్టముగా కలదు. అనుమతిపత్రమను మాటయే లేదు.

మాకు అండగా నిలిచిన తీర్పు మరియొకటి. ఆక్స్‌ఫర్డు కౌంటీ కోర్టులో 2016లో అపీలుగా వినబడిన వ్యాజ్యమది. ఫ్లాటులో నివసించు ఒక స్త్రీ వ్రాతబల్లను దింపుకొనుటకై మేడ గుమ్మమువద్ద కారును కొద్ది నిమిషములు ఆపినది. కంపెనీ రుసుము అడిగినది. క్రింది న్యాయాధిపతి కంపెనీ పక్షమున చెప్పెను. అపీలులో పై న్యాయాధిపతి ఆ తీర్పును త్రోసివేసెను. ఆయన చూపిన కారణములు ముఖ్యముగా రెండు. ఎక్కుటకు, దిగుటకు, సామాను దింపుటకు బండి ఆపుట వేరు, బండిని వదలి ఉంచుట వేరు. ఆగిన ప్రతి బండియు నిలిపి ఉంచిన బండియే ఐనచో, రద్దీలో చిక్కిన బండ్లన్నియు అట్టివే కావలసివచ్చును. ఇది మొదటిది. లీజు ఇచ్చిన రాకపోకల హక్కును కంపెనీ బలక తగ్గింపజాలదు. ఇది రెండవది. ఈ తీర్పు పై కోర్టులను బంధింపదు; ఐనను ఇట్టి తగవులలో దీనిని చూపుట వాడుకయైనది.

ఇక కార్యక్రమము. మన స్మృతికారులు రుజువులను మూడు విధములుగా చెప్పిరి: లిఖితము, భుక్తి, సాక్షులు. ఈ తగవునందును ఆ మూడే చాలును. లిఖితము అనగా లీజులోని ఆ వాక్యములు. భుక్తి అనగా బలక రాకమునుపు మీరెట్లు వాడుకొనుచుండిరో ఆ అనుభవము. సాక్షులు అనగా సామాను దింపుట చూచిన ఇరుగుపొరుగువారు, వైద్యుని చీటీ, బలక ఎంత ఎత్తున ఎంత చిన్న అక్షరములతో ఉన్నదో చూపు ఛాయాచిత్రములు. వీటిని కూర్చుకొని, ఉత్తరము వచ్చిన 28 దినములలోపల కంపెనీకే ముందు ఆక్షేపణ పంపవలయును. తిట్లు వ్రాయకుడు; దీనాలాపము వలదు. హక్కు ఇది, పత్రము ఇది, రుసుమును రద్దు చేయుడు అని వ్రాసిన చాలును. అట్లే మేడ నిర్వాహకులకు కూడ నకలు పంపుడు. వారు పిలిచిన కంపెనీ గనుక, రద్దు చేయుమని చెప్పుటకు వారికి వీలుండును.

కంపెనీ కాదన్నచో పై విచారణకు స్వతంత్ర సంస్థలు రెండు కలవు: పోప్లా, ఐ.ఏ.ఎస్. అనునవి. కంపెనీ ఏ సంఘమునకు చెందినదో దానినిబట్టి ఏది వర్తించునో కంపెనీ ఉత్తరములోనే ఉండును. పోప్లాకు 28 దినముల గడువు. దానికి రుసుము లేదు. అచ్చటి నిర్ణయము కంపెనీని బంధించును గాని కారువారిని బంధింపదు. ఓడినను కోర్టులో వాదించుకొను హక్కు మిగిలియే యుండును.

ఇప్పుడు ఉపేక్ష చేయువారికి ఒక హెచ్చరిక. బాకీలు వసూలుచేయు కంపెనీలనుండి వరుసగా ఉత్తరములు రావచ్చును. నూరు పౌనులు నూటడెబ్బదిగా పెరుగుటయు కలదు. కోర్టు తీర్పు లేనిదే వీరికి ఇంట చొచ్చి వస్తువులు పట్టుకొను అధికారము లేదు. వారికి జడియనవసరము లేదు. కాని దావా వేయుదుమను ముందస్తు నోటీసు వచ్చినప్పుడు నిద్రపోరాదు. దానికి 30 దినములలో జవాబు వ్రాయవలయును. కోర్టు కాగితములే వచ్చినచో, అవి అందిన 14 దినములలోపల హాజరు తెలుపవలయును; అట్లు తెలిపినచో వ్రాతమూలకమైన జవాబు దాఖలు చేయుటకు మొత్తము 28 దినములు దొరకును. జవాబు లేకున్నచో విచారణ లేకయే డిక్రీ ఇచ్చెదరు. డిక్రీ సొమ్మును ఒక నెలలో చెల్లింపనిచో ఆ సంగతి ఆరు సంవత్సరములు రిజిస్టరులో నిలిచియుండి, ఇంటికి అప్పు పుట్టుటకు సైతము అడ్డు వచ్చును. న్యాయము తన పక్షమున ఉండియు, నోరు మెదపక ఓడిపోయినవారు ఇట్లు తయారగుదురు. ఇల్లు మారినవారు కారు నమోదులో క్రొత్త చిరునామాను వెంటనే వ్రాయించుట మరువరాదు. లేనిచో కాగితములన్నియు పాత ఇంటికి పోయి, డిక్రీ ఐన సంగతియే తెలియకపోవును.

లీజులో ఏ హక్కును లేనివారు, పరుల స్థలమున రాత్రియంతయు కారు ఉంచినవారు ఈ వాదమును పట్టుకొని పోరాడుట తగదు. అట్టివారు తగ్గింపు గడువు దాటకముందే చెల్లించుట వివేకము. హక్కు ఉన్నచోట వంగరాదు; లేనిచోట మొండికెత్తరాదు. ఈ రెంటిని వేరుచేయునది పత్రపఠన మొక్కటియే.

మా కథ ముగించెదను. మేము వ్రాసిన ఆక్షేపణను కంపెనీ మొదట త్రోసివేసినది. అపీలు చేసితిమి. లీజు నకలును, నా భార్య మోకాళ్లను గురించిన వైద్యుని చీటీని జతపరచితిమి. విచారణ జరుగకముందే కంపెనీ తన పట్టు విడిచి రుసుమును రద్దుచేసినది. ఆ ఉత్తరమును మా అబ్బాయి తల్లికి చదివి వినిపించి, "అమ్మా, నీ కాళ్లవలన ఖర్చేమియు రాలేదు" అనెను. ఆమె నవ్వి, ఆ పూట కడుపునిండ భోజనము చేసినది. ప్రక్క ఫ్లాటువారును తమ లీజు తీసికొని మా ఇంటికి వచ్చిరి.

పెద్దలారా, దూరదేశమునుండి పిల్లలు ఫోనులో ఇట్టి సంగతి చెప్పినప్పుడు, "కట్టివేయుము" అని తొందరపెట్టవలదు, "పోనిమ్ము" అని తేలికచేయవలదు. "నీ దస్తావేజు తీసి చదివితివా? ఉత్తరమునకు గడువు ఎన్నటితో తీరును?" అని ఈ రెండు ప్రశ్నలు అడుగుడు. మన తాతలు బండిబాట తగవులలో అడిగిన ప్రశ్నలే ఇవి. సముద్రము దాటినంతమాత్రమున వాటి బలము తగ్గలేదు.

ఇంతటితో నా ప్రసంగము ముగించుచున్నాను. స్వస్తి.